బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్‌లో హోస్ట్‌కు వర్చువల్ మెషీన్ అందనప్పుడు ఏం చూడాలి

వర్చువల్ మెషీన్‌కు, అంటే మన కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌కు, ఇంటర్నెట్ వస్తుంది, పక్క గదిలోని ఫోన్ నుంచి దానికి పింగ్ (అందుతోందా అని చూసే చిన్న పలకరింపు) వెళుతుంది, కానీ అది ఏ కంప్యూటర్‌లో నడుస్తోందో ఆ కంప్యూటర్ (హోస్ట్) నుంచి మాత్రం దాన్ని చేరుకోలేము. ఇంట్లో చక్కగా పనిచేసిన అదే మెషీన్ హాస్టల్ వైఫైకి రాగానే ఐపీ అడ్రస్ కూడా తెచ్చుకోదు. లైనక్స్, డెవాప్స్, సెక్యూరిటీ కోర్సులు నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండింటిలో ఒకటి ఎదురవుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని, వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్‌ను గానీ వీఎంవేర్‌ను గానీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. నేను కూడా ఒకసారి సాయంత్రం ఆరు గంటలకు మొదలుపెట్టి రాత్రి పదకొండు దాకా అదే చేశాను. చివరికి లోపం హోస్ట్ ఫైర్‌వాల్‌లోని ఒక్క నిబంధనలో ఉందని తేలింది. ఆ రోజు ముందే ఒక్క కమాండ్ ఇచ్చి ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ అడ్రస్ ఏ నెట్‌వర్క్ కార్డుదో చూపే జాబితా) చూసి ఉంటే ఐదు నిమిషాల్లో పని అయిపోయేది. ఆ పట్టికను ఎలా చదవాలో, అది చెప్పిన దాన్ని బట్టి ఎటు వెళ్లాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణల్లో అంతటా రౌటర్ అడ్రస్ 192.168.1.1 అని, హోస్ట్ అడ్రస్ 192.168.1.10 అని, గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ అడ్రస్ 192.168.1.25 అని అనుకుందాం.

బ్రిడ్జ్ అంటే నిజంగా ఏం జరుగుతుంది

న్యాట్ పద్ధతిలో వర్చువల్ మెషీన్ హోస్ట్ వెనకాల దాక్కుని ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్ హోస్ట్ పేరు మీదే వెళుతుంది కాబట్టి రౌటర్‌కు అలాంటి మెషీన్ ఒకటి ఉన్నట్టే తెలియదు. బ్రిడ్జ్ పద్ధతిలో అలా కాదు. గెస్ట్‌కు తనదైన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఉంటుంది, రౌటర్‌లో ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి తనంతట తానే ఐపీ అడ్రస్ అడిగి తీసుకుంటుంది. అంటే ఒకే ఇంట్లో అద్దెకున్నా విడిగా డోర్ నంబరు ఉన్న కుటుంబం లాంటిది అది. హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య యజమాని, అద్దెదారు అనే సంబంధం నెట్‌వర్క్ దృష్టిలో లేదు, వాళ్లిద్దరూ ఒకే వీధిలోని ఇరుగుపొరుగు మాత్రమే. ఈ విషయం మనసులో నాటుకుంటే మిగతా సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి, ఎందుకంటే ఇకపై మీరు వెతకవలసింది “వర్చువల్ మెషీన్ సమస్య”ను కాదు, ఒకే లాన్‌లో (స్థానిక నెట్‌వర్క్‌లో) ఉన్న రెండు కంప్యూటర్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదన్న మామూలు ప్రశ్నకు జవాబును.

అయితే మెషీన్ నిజంగా బ్రిడ్జ్‌లోనే ఉందా అన్నది ముందు నిర్ధారించుకోవాలి. గెస్ట్‌లో లైనక్స్ అయితే ‘ఐపీ ఏ’ అని, విండోస్ అయితే ‘ఐపీకాన్ఫిగ్’ అని కొట్టి అడ్రస్ చూడండి. 10.0.2.15 కనిపిస్తే అది వర్చువల్‌బాక్స్ న్యాట్, బ్రిడ్జ్ అసలు పెట్టనే లేదు. 192.168.122తో మొదలైతే లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ వాళ్ల డిఫాల్ట్ న్యాట్ నెట్‌వర్క్. 192.168.56తో మొదలైతే వర్చువల్‌బాక్స్ హోస్ట్ ఓన్లీ (హోస్ట్‌తో మాత్రమే మాట్లాడే) నెట్‌వర్క్ అయ్యే అవకాశం ఎక్కువ. 169.254తో మొదలైతే గెస్ట్ డీహెచ్‌సీపీని అడిగింది గానీ జవాబు రాలేదు, అందుకే తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుంది. హోస్ట్ అడ్రస్‌తో మొదటి మూడు సంఖ్యలు కలిసే అడ్రస్, మన ఉదాహరణలో 192.168.1తో మొదలయ్యేది, వస్తే డీహెచ్‌సీపీ దాకా దారి తెరిచే ఉందన్నమాట. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ వచ్చిందంటే గెస్ట్ పంపిన ఫ్రేమ్ (లాన్ మీద వెళ్లే డేటా ముక్క) రౌటర్ దాకా వెళ్లి తిరిగి వచ్చిందని అర్థం కాబట్టి, బ్రిడ్జ్ డ్రైవర్ మీద అనుమానం అక్కడితో వదిలేయవచ్చు.

పాత చోట చేత్తో పెట్టిన స్టాటిక్ అడ్రస్‌ను మరిచిపోయి కొత్త నెట్‌వర్క్‌కు తీసుకువచ్చినా ఇదే గందరగోళం వస్తుంది. అందుకని పరీక్షించేంత సేపైనా గెస్ట్‌ను డీహెచ్‌సీపీ మీద ఉంచండి. స్టాటిక్ తప్పనిసరి అయితే సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది) రెండు వైపులా ఒక్కటేనా అని చూడండి.

పింగ్ కంటే ముందు ఏఆర్‌పీ

ఒకే లాన్‌లో ఉన్న రెండు యంత్రాలు మాట్లాడుకోవాలంటే ముందుగా ఒకదాని మ్యాక్ అడ్రస్ మరొకదానికి తెలియాలి. హోస్ట్ 192.168.1.25కు పింగ్ పంపాలనుకున్నప్పుడు ముందు లాన్ మొత్తానికీ వినబడేలా “192.168.1.25 ఎవరిది? 192.168.1.10కి చెప్పండి” అని అడుగుతుంది. గెస్ట్ “అది నాది, నా మ్యాక్ ఇది” అని జవాబిస్తుంది. ఆ తరువాతే పింగ్ బయలుదేరుతుంది. ఈ ప్రశ్న, ఈ జవాబు కలిపి ఏఆర్‌పీ. విండోస్ ఫైర్‌వాల్ గానీ లైనక్స్ ఐపీటేబుల్స్ గానీ సాధారణంగా పింగ్‌ను ఆపుతాయే తప్ప ఏఆర్‌పీని ఆపవు. అందువల్ల ఏఆర్‌పీకి జవాబు వచ్చి పింగ్‌కు రాకపోతే తప్పు పై అంచెలో ఉంది. ఏఆర్‌పీకే జవాబు లేకపోతే తప్పు కింద, అంటే బ్రిడ్జ్‌లోనో, అడాప్టర్‌లోనో, వైఫైలోనో ఉంది. ఈ ఒక్క విభజన చేయకుండా ఏ సెట్టింగునూ ముట్టుకోవద్దని నా మనవి.

చూసే పద్ధతి ఇది. హోస్ట్ విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పాత నమోదులను ‘ఏఆర్‌పీ హైఫన్ డీ స్టార్’ కమాండ్‌తో తుడిచేయండి. లేకపోతే నిన్నటి జవాబును నేటి జవాబు అనుకునే ప్రమాదం ఉంది. తరువాత గెస్ట్‌కు నాలుగు పింగ్‌లు పంపి, అవి విఫలమైనా సరే, వెంటనే ‘ఏఆర్‌పీ హైఫన్ ఏ’ కొట్టి 192.168.1.25 ఉన్న వరుస కోసం చూడండి. లైనక్స్ హోస్ట్ అయితే ‘ఐపీ నెయిబర్’ అని కొడితే చాలు. ఆ వరుస చివర రీచబుల్ అనో స్టేల్ అనో డిలే అనో ఉండి మధ్యలో మ్యాక్ కనిపిస్తే జవాబు వచ్చినట్టే. ఇన్‌కంప్లీట్ అనో ఫెయిల్డ్ అనో ఉంటే రాలేదు.

కనిపించిన మ్యాక్‌ను కూడా ఒక క్షణం ఆగి చదవండి. వర్చువల్‌బాక్స్ ఇచ్చే మ్యాక్‌లు 08:00:27తో మొదలవుతాయి, లైనక్స్‌లోని కేవీఎం అనే వర్చువల్ మెషీన్ వ్యవస్థలో సాధారణంగా 52:54:00తో మొదలవుతాయి. వీఎంవేర్‌లో చేత్తో పెట్టే మ్యాక్‌లకు కేటాయించిన ఆరంభం 00:50:56. గెస్ట్ సెట్టింగుల్లో ఉన్న మ్యాక్, పట్టికలో వచ్చిన మ్యాక్ ఒకటి కాకపోతే ఆ ఐపీ అడ్రస్‌ను లాన్‌లో ఇంకెవరో వాడుతున్నారు. మీరు ఇంతసేపూ పింగ్ పంపింది మీ మెషీన్‌కు కాదు, ఎవరిదో టీవీకో ప్రింటర్‌కో అయి ఉండవచ్చు. వైఫై మీద మాత్రం మ్యాక్ లెక్క వేరుగా ఉంటుంది, దాని సంగతి కింద చెబుతాను.

జవాబు ఉంది, పింగ్ లేదు

ఇది అన్నిటికంటే తరచుగా వచ్చే సందర్భం. గెస్ట్ నుంచి రౌటర్‌కు పింగ్ వెళుతుంది, గూగుల్ పేజీ తెరుచుకుంటుంది, హోస్ట్ నుంచి గెస్ట్‌కు కూడా పింగ్ వెళుతుంది, గెస్ట్ నుంచి విండోస్ హోస్ట్‌కు మాత్రం వెళ్లదు. ఇది తొంభై పాళ్లు హోస్ట్ ఫైర్‌వాల్ పని. విండోస్ తన నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా గుర్తిస్తే బయటినుంచి వచ్చే పింగ్‌లను ఆపేస్తుంది, గెస్ట్ దాని దృష్టిలో “బయటి” యంత్రమే. ఫైర్‌వాల్ మొత్తాన్ని ఆపేయమని చాలాచోట్ల సలహా ఇస్తారు. రెండు నిమిషాల పరీక్ష కోసం తప్ప ఆ పని చేయకండి, ఎందుకంటే ఆపినదాన్ని తిరిగి వేయడం మరిచిపోయి అదే ల్యాప్‌టాప్‌తో రైల్వే స్టేషన్ వైఫైకి కలిసేవాళ్లు చాలామందే ఉన్నారు. దానికి బదులు ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఇన్‌బౌండ్ రూల్స్‌కు వెళ్లి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ కింద ఉన్న ఐసీఎంపీ వెర్షన్ 4 ఎకో రిక్వెస్ట్ అనే నిబంధనను, మీ నెట్‌వర్క్ ఏ ప్రొఫైల్‌లో ఉందో ఆ ప్రొఫైల్‌కు మాత్రమే ఎనేబుల్ చేయండి. ఇంటి నెట్‌వర్క్ అయితే దాన్ని ప్రైవేట్‌గా మార్చుకోవడం కూడా మంచిదే.

పింగ్ వెళ్లినంత మాత్రాన సేవ అందినట్టు కాదు, పింగ్ వెళ్లనంత మాత్రాన సేవ లేనట్టూ కాదు. మీకు కావలసింది గెస్ట్‌లోని వెబ్ సర్వర్ అయితే నేరుగా ఆ పోర్టును పరీక్షించండి. గెస్ట్‌లో ఉబుంటు ఉంటే యూఎఫ్‌డబ్ల్యూ, రెడ్ హ్యాట్ కుటుంబం అయితే ఫైర్‌వాల్‌డీ ఆ పోర్టును మూసి ఉంచాయేమో చూడండి. ఇంకొక సాధారణ పొరపాటు ఏమిటంటే సర్వర్ ప్రోగ్రాం 127.0.0.1 మీద మాత్రమే వినడం. అలా ఉంటే గెస్ట్ లోపలి బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది, హోస్ట్ నుంచి తెరుచుకోదు. అప్పుడు నెట్‌వర్క్‌ను తప్పుపట్టడం అన్యాయం. ‘ఎస్‌ఎస్ హైఫన్ టీఎల్‌ఎన్’ కొట్టి ఆ పోర్టు ముందు 0.0.0.0 (అన్ని అడ్రస్‌ల మీదా) ఉందో 127.0.0.1 ఉందో చూస్తే తేలిపోతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తుంటే దాన్ని కూడా ఇక్కడే అనుమానించాలి. మొత్తం ట్రాఫిక్‌ను తన సొరంగంలోకి లాక్కునే వీపీఎన్‌లు స్థానిక లాన్‌ను కూడా మూసేసే విధంగా అమర్చి ఉండవచ్చు. అలాంటప్పుడు గెస్ట్ తన దారిన తాను ఇంటర్నెట్‌కు వెళుతుంది, హోస్ట్ మాత్రం గెస్ట్‌కు ఉద్దేశించిన ప్యాకెట్‌ను వేరే దారిలో పంపిస్తుంది లేదా పారేస్తుంది. వీపీఎన్ తెంపి ఒకసారి పింగ్ పంపి చూస్తే విషయం తెలుస్తుంది. సంస్థ నియమం అలా ఉన్నప్పుడు దాన్ని తప్పించుకునే మార్గాలు వెతకడం కన్నా చివర చెప్పబోయే రెండో అడాప్టర్ గురించి మీ ఐటీ విభాగాన్ని అడగడం మేలు.

జవాబే లేదు

ముందు చిన్నవి. సెట్టింగుల్లో కేబుల్ కనెక్టెడ్ అనే టిక్కు ఉందా? గెస్ట్ లోపల ఇంటర్‌ఫేస్ అప్ అయి ఉందా? వర్చువల్‌బాక్స్‌లో సృష్టించిన ఉబుంటు సర్వర్‌ను వీఎంవేర్‌కు మార్చినప్పుడు కార్డు పేరు ఈఎన్‌పీ0ఎస్3 నుంచి ఈఎన్‌ఎస్33గా మారిపోతుంది. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైలులో మాత్రం పాత పేరే ఉంటుంది కాబట్టి కొత్త కార్డును ఎవరూ లేపరు. ఆ ఫైలులో పేరు మార్చి ‘నెట్‌ప్లాన్ అప్లై’ కొడితే సరి.

తరువాత అసలైనది: బ్రిడ్జ్ ఏ అడాప్టర్‌కు కట్టి ఉంది? ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్, వైఫై, బ్లూటూత్, వీపీఎన్ అడాప్టర్, విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్ వీ వాళ్ల వీఈథర్‌నెట్ అన్నీ ఒకే జాబితాలో కనబడతాయి. వీఎంవేర్‌లో బ్రిడ్జ్‌కు వాడే వీఎంనెట్0 మామూలుగా ఆటోమేటిక్ మీద ఉంటుంది. అది తానే ఒకదాన్ని ఎంచుకుంటుంది, అది ఎంచుకున్నదే మీరు వాడుతున్నది కావాలని లేదు. వర్చువల్ నెట్‌వర్క్ ఎడిటర్‌ను అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరిచి, ఆటోమేటిక్ తీసేసి, మీకు ఇప్పుడు ఇంటర్నెట్ ఇస్తున్న అసలు కార్డు పేరును స్పష్టంగా ఎంచుకోండి. వర్చువల్‌బాక్స్‌లో అయితే మెషీన్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో నేమ్ అనే చోట ఆ ఎంపిక ఉంటుంది. నిన్న డాక్‌కు తీగతో కలిపి పని చేసి, నేడు వైఫై మీద ఉంటే, ఆ పేరు ఇంకా ఈథర్‌నెట్ మీదే ఉంటుంది. ఊడిన తీగకు కట్టిన బ్రిడ్జ్ మీద ఇంటర్నెట్టే కాదు, హోస్ట్‌తో మాటా ఉండదు, ఎందుకంటే ఆ కార్డు మీద హోస్ట్‌కు ఇప్పుడు అడ్రస్ లేదు.

విండోస్‌లో హైపర్ వీ ఎక్స్‌టర్నల్ స్విచ్ సృష్టించి ఉంటే ఇంకొక మెలిక ఉంది. హోస్ట్ ఐపీ అడ్రస్ అసలు కార్డు మీద నుంచి వీఈథర్‌నెట్ మీదికి మారుతుంది. ఆ స్విచ్ సెట్టింగుల్లో మేనేజ్‌మెంట్ ఆపరేటింగ్ సిస్టంతో ఈ అడాప్టర్‌ను పంచుకోవడానికి అనుమతించే టిక్కు తీసేసి ఉంటే గెస్ట్‌కు నెట్‌వర్క్ ఉంటుంది, హోస్ట్‌కు ఉండదు. ఈ స్థితి చూసినవాళ్లు గెస్ట్‌ను తప్పుపడతారు, కానీ తెగిపోయింది హోస్ట్.

ఎంపిక సరిగానే ఉందనిపిస్తే అసలు కార్డు ప్రాపర్టీస్ తెరిచి చూడండి. అక్కడి జాబితాలో వర్చువల్‌బాక్స్ అయితే దాని పేరుతో ఎన్‌డీఐఎస్6 బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్ డ్రైవర్, వీఎంవేర్ అయితే బ్రిడ్జ్ ప్రోటోకాల్ ఉండి, ముందు టిక్కు ఉండాలి. కొన్ని యాంటీవైరస్, వీపీఎన్ ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అదే జాబితాలోకి తమ ఫిల్టర్లను కూడా చేర్చుతాయి. టిక్కు తీసి ఓకే నొక్కి, మళ్లీ పెట్టి ఓకే నొక్కడం చాలాసార్లు పని చేస్తుంది. ఇక్కడ టిక్కు ఉన్న వరుసే కనబడకపోతే మాత్రం, అప్పుడు మాత్రమే, సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయడంలో అర్థం ఉంది.

వైఫై మీద బ్రిడ్జ్ ఎందుకు మొండికేస్తుంది

వైఫైలో ల్యాప్‌టాప్ ముందుగా యాక్సెస్ పాయింట్‌తో తన మ్యాక్ అడ్రస్ చెప్పి నమోదు చేసుకుంటుంది. ఆ తరువాత నమోదు కాని మ్యాక్‌తో ఫ్రేమ్ పంపితే యాక్సెస్ పాయింట్ దాన్ని తీసుకోదు. మామూలు వైఫై ఫ్రేమ్‌లో వాడే మూడు అడ్రస్‌లలో పంపిన రేడియోకూ, దాని వెనకాల ఉన్న వేరే యంత్రానికీ విడివిడిగా చోటు లేదు. దానికి నాలుగు అడ్రస్‌ల పద్ధతి కావాలి, అది రెండు వైపులా ఉండాలి. అందుకే లైనక్స్‌లో వైఫై కార్డును నేరుగా బ్రిడ్జ్‌లో చేర్చబోతే కెర్నల్ ఒప్పుకోదు, “ఆపరేషన్ నాట్ సపోర్టెడ్” అంటుంది. అది లోపం కాదు, నిజాయితీగా చెప్పిన జవాబు.

వర్చువల్‌బాక్స్ వంటివి దీనికి ఒక ఉపాయం చేస్తాయి. గెస్ట్ నుంచి బయటికి వెళ్లే ఫ్రేమ్ మీద గెస్ట్ మ్యాక్ తీసేసి హోస్ట్ వైఫై కార్డు మ్యాక్ రాస్తాయి. లోపలికి వచ్చే ఫ్రేమ్‌లో ఐపీ అడ్రస్ చూసి, అది గెస్ట్‌ది అయితే దాని మ్యాక్ తిరిగి రాసి అందిస్తాయి. ఏ ఐపీ ఏ గెస్ట్‌దో ఏఆర్‌పీ, డీహెచ్‌సీపీ ప్యాకెట్లను గమనించి తెలుసుకుంటాయి. ఈ పద్ధతిని కళ్లారా చూడవచ్చు: లాన్‌లోని మూడో కంప్యూటర్‌లో ఏఆర్‌పీ పట్టిక తెరిస్తే 192.168.1.10కీ 192.168.1.25కీ ఎదురుగా ఒకే మ్యాక్ ఉంటుంది. తీగ మీద అది అడ్రస్ తగాదాకు గుర్తు, వైఫై మీద అది బ్రిడ్జ్ పనిచేస్తోందనడానికి గుర్తు. ఉపాయం ఐపీ అడ్రస్‌ల మీద ఆధారపడింది కాబట్టి ఐపీ కాని ట్రాఫిక్ దీని మీద వెళ్లదు. రౌటర్‌లో ఒక మ్యాక్‌కు ఒక ఐపీ మాత్రమే అని కట్టడి చేసి ఉన్నా ఇది నిలవదు.

హాస్టళ్లు, కళాశాలలు, శిక్షణ సంస్థల వైఫైలో ఇంకొక అడ్డు ఉంటుంది. ఒక వినియోగదారుడి యంత్రం మరొకరి యంత్రాన్ని చూడకుండా క్లయింట్ ఐసొలేషన్ పెడతారు, నమోదైన మ్యాక్‌లకు మాత్రమే అడ్రస్ ఇస్తారు, లాగిన్ పేజీ పెడతారు. ఇవి భద్రత కోసం పెట్టినవి, సరైనవే. మీ బ్రిడ్జ్‌లో ఎంత వెతికినా అక్కడ తప్పు దొరకదు. అదే నెట్‌వర్క్‌లో కుస్తీ పట్టకుండా ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి చూడండి. అక్కడ పనిచేసి ఇక్కడ పనిచేయకపోతే సమస్య ఎవరిదో తేలినట్టే.

ఆఫీసు తీగ నెట్‌వర్క్‌లోనూ ఇలాంటిదే ఉంది. స్విచ్ పోర్టుకు ఒకే మ్యాక్ అనుమతించే పోర్ట్ సెక్యూరిటీ ఉంటే, గెస్ట్ మొదటి ఫ్రేమ్ పంపగానే స్విచ్ ఆ పోర్టునే మూసేయవచ్చు, అప్పుడు హోస్ట్‌కు కూడా నెట్‌వర్క్ పోతుంది. గెస్ట్ ఆన్ చేసిన క్షణంలోనే హోస్ట్ కనెక్షన్ పోతుంటే నెట్‌వర్క్ అడ్మిన్‌తో మాట్లాడకుండా రెండోసారి ప్రయత్నించవద్దు.

లైనక్స్ హోస్ట్, కేవీఎం

ఇక్కడ విషయం ఎక్కువ ఉంది, తప్పు జరిగే చోట్లు కూడా ఎక్కువే. బీఆర్0 అనే బ్రిడ్జ్ తయారు చేసి, ఈఎన్‌పీ3ఎస్0 అనే అసలు కార్డును అందులో చేర్చిన తరువాత హోస్ట్ ఐపీ అడ్రస్ బీఆర్0 మీద ఉండాలి, అసలు కార్డు మీద ఏ అడ్రసూ ఉండకూడదు. బ్రిడ్జ్ అనేది ఒక స్విచ్, అసలు కార్డు దానికి ఒక పోర్టు, గెస్ట్ తరఫున పుట్టే వీనెట్0 మరొక పోర్టు. పోర్టుకు ఐపీ అడ్రస్ ఏమిటి? కానీ నెట్‌వర్క్ మేనేజర్‌లో పాత కనెక్షన్ ప్రొఫైల్ ఆటోకనెక్ట్‌తో అలాగే ఉండిపోతే రీబూట్ అయినప్పుడల్లా అది కార్డును ముందే లాక్కుని అడ్రస్ తెచ్చుకుంటుంది. ‘ఐపీ ఏ’లో రెండు చోట్లా అడ్రస్ కనిపిస్తే, లేదా కార్డు మీద మాత్రమే కనిపిస్తే, ఆ పాత ప్రొఫైల్ ఆటోకనెక్ట్ తీసేయండి. ఈ మార్పులు ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరం నుంచి చేస్తే మధ్యలో తాడు తెగుతుంది, కంప్యూటర్ ముందు కూర్చునే చేయండి.

‘బ్రిడ్జ్ లింక్’ కమాండ్ ప్రతి పోర్టు స్థితినీ చూపుతుంది. ఫార్వర్డింగ్ అని ఉంటే మంచిది. ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూప్ ఏర్పడకుండా కాపాడేది) వేసి ఉన్నప్పుడు పోర్టు 15 సెకన్లు లిజనింగ్‌లో, మరో 15 సెకన్లు లెర్నింగ్‌లో ఉన్న తరువాతే ఫార్వర్డింగ్‌కు వస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్ సృష్టించే బ్రిడ్జ్‌లలో ఎస్‌టీపీ డిఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంటుంది. గెస్ట్ బూట్ అయ్యేటప్పుడు డీహెచ్‌సీపీ అడిగి విసిగి ఊరుకుని, అర నిమిషం తరువాత చేత్తో అడిగితే అడ్రస్ వస్తోందంటే కారణం ఇదే. ఒకే తీగ ఉన్న మామూలు ల్యాబ్‌లో లూప్ ఏర్పడే దారి లేదు కాబట్టి ఎస్‌టీపీ ఆపేయవచ్చు.

ఇక హోస్ట్, గెస్ట్ మధ్య మాట పడకపోవడానికి కేవీఎంలో అన్నిటికన్నా మోసపుచ్చేది మ్యాక్‌వీట్యాప్, అంటే గెస్ట్‌ను నేరుగా అసలు కార్డుకు తగిలించే పద్ధతి. వర్ట్ మేనేజర్‌లో బ్రిడ్జ్ తయారు చేసే శ్రమ లేకుండా మ్యాక్‌వీట్యాప్ అని ఎంచుకుంటే గెస్ట్‌కు రౌటర్ నుంచి అడ్రస్ వస్తుంది, లాన్ మొత్తం అందుతుంది, హోస్ట్ ఒక్కటే అందదు. ఎంత వెతికినా ఎక్కడా తప్పు కనబడదు, ఎందుకంటే తప్పు లేదు, దాని నిర్మాణమే అంత. హోస్ట్ ఈఎన్‌పీ3ఎస్0 నుంచి పంపిన ఫ్రేమ్ నేరుగా తీగ మీదికి వెళ్లిపోతుంది, పక్కనే ఉన్న మ్యాక్‌వీట్యాప్ వైపు తిరగదు. బయట ఉన్న మామూలు స్విచ్ ఏ పోర్టు నుంచి వచ్చిన ఫ్రేమ్‌ను ఆ పోర్టుకే తిరిగి పంపదు. అందువల్ల హోస్ట్ అడిగిన ఏఆర్‌పీ ప్రశ్న పక్కనే ఉన్న గెస్ట్‌కు ఎప్పటికీ చేరదు. దీనికి మూడు దారులు. అన్నిటికంటే మంచిది పైన చెప్పినట్టు అసలైన బీఆర్0 తయారు చేసుకోవడం. రెండోది హోస్ట్‌లో అదే కార్డు మీద బ్రిడ్జ్ మోడ్‌లో ఒక మ్యాక్‌వీలాన్ ఇంటర్‌ఫేస్ సృష్టించి హోస్ట్ అడ్రస్‌ను దాని మీదికి మార్చడం. మూడోది గెస్ట్‌కు రెండో కార్డు ఇచ్చి లిబ్‌వర్ట్ ఐసొలేటెడ్ నెట్‌వర్క్‌లో పెట్టడం.

దీనికి సరిగ్గా తలకిందులైన లక్షణం మరొకటి ఉంది: హోస్ట్‌కూ గెస్ట్‌కూ మధ్య అంతా బాగుంటుంది, గెస్ట్ మాత్రం రౌటర్‌ను చేరదు. హోస్ట్‌లో కంటైనర్లను నడిపే డాకర్ ఇన్‌స్టాల్ చేశాకే ఇది మొదలైందా అని గుర్తు చేసుకోండి. డాకర్ బీఆర్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్‌ను వాడుతుంది, ఐపీటేబుల్స్‌లో ఫార్వర్డ్ చెయిన్ పాలసీని డ్రాప్‌గా మారుస్తుంది. ఆ మాడ్యూల్ ఉన్నప్పుడు బ్రిడ్జ్ మీదుగా దాటే ఐపీ ప్యాకెట్లు కూడా ఆ చెయిన్ గుండా వెళతాయి, అక్కడే రాలిపోతాయి. హోస్ట్‌కు వచ్చేవి ఇన్‌పుట్ చెయిన్‌లోకి వెళతాయి కనుక వాటికి ఏమీ కాదు. ఏఆర్‌పీ కూడా ఐపీ ప్యాకెట్ కాదు కాబట్టి రౌటర్ మ్యాక్ గెస్ట్ పట్టికలో చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. డాకర్ యూజర్ చెయిన్‌లో బీఆర్0 నుంచి వచ్చి బీఆర్0కే వెళ్లే ప్యాకెట్లను యాక్సెప్ట్ చేసే ఒక నిబంధన చేర్చితే సరిపోతుంది.

ఇంతా చూసిన తరువాత కూడా అంతుబట్టకపోతే వెళ్లే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌ను నమ్ముకోండి. గెస్ట్ నుంచి హోస్ట్‌కు పింగ్ పంపుతూ, ముందు గెస్ట్ లోపలి కార్డు మీద, తరువాత హోస్ట్‌లో వీనెట్0 మీద, ఆ తరువాత బీఆర్0 మీద ఏఆర్‌పీ ఫిల్టర్‌తో వరుసగా వినండి. “192.168.1.10 ఎవరిది, 192.168.1.25కు చెప్పండి” అనే ప్రశ్న సెకనుకు ఒకటి చొప్పున వస్తూ ఉంటుంది. ఏ గుమ్మం దగ్గర అది కనబడటం ఆగిపోయిందో ఆ గుమ్మానికీ దాని ముందరి గుమ్మానికీ మధ్యనే లోపం. ప్రశ్న బీఆర్0 దాకా వచ్చి జవాబు లేకపోతే హోస్ట్ అడ్రస్ బీఆర్0 మీద ఉందో లేదో చూడండి. విండోస్ హోస్ట్‌లో ఇదే పని వైర్‌షార్క్‌తో చేయవచ్చు.

క్లోన్ చేసిన మెషీన్లు

ఒక మెషీన్ బాగా పనిచేస్తుంది, దాన్ని క్లోన్ చేసి రెండోది ఆన్ చేయగానే రెండూ తడబడతాయి, పింగ్ కాసేపు వెళ్లి కాసేపు ఆగుతుంది. మ్యాక్ రెండింటికీ ఒకటే అయితే అలా జరుగుతుంది. క్లోన్ చేసేటప్పుడే కొత్త మ్యాక్‌లు సృష్టించమని ఎంచుకోండి. మ్యాక్‌లు వేరైనా రౌటర్ రెండింటికీ ఒకే ఐపీ ఇస్తుంటే అది ఉబుంటు సర్వర్ క్లోన్‌లలో తెలిసిన సంగతే: అందులోని డీహెచ్‌సీపీ క్లయింట్ మ్యాక్‌ను కాకుండా మెషీన్ ఐడీ నుంచి పుట్టిన గుర్తును రౌటర్‌కు చెబుతుంది, క్లోన్‌తో పాటు ఆ ఐడీ కూడా వచ్చేసింది. క్లోన్ చేయడానికి ముందు ఈటీసీ డైరెక్టరీలోని మెషీన్ ఐడీ ఫైలును చెరిపేయకుండా లోపల ఖాళీ చేసి షట్‌డౌన్ చేయండి, తరువాతి బూట్‌లో కొత్తది పుడుతుంది. లేదా నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫయర్‌ను మ్యాక్‌గా పెట్టండి.

బ్రిడ్జ్ మీకు నిజంగా అవసరమా

లాన్‌లోని ఇతర యంత్రాలు గెస్ట్‌ను చేరవలసిన అవసరం ఉంటేనే బ్రిడ్జ్ కావాలి. మీకు కావలసింది హోస్ట్ నుంచి గెస్ట్‌కు ఎస్‌ఎస్‌హెచ్, వెబ్ పేజీ మాత్రమే అయితే, ముఖ్యంగా రోజుకో వైఫై మారే ల్యాప్‌టాప్ మీద, మొదటి అడాప్టర్‌ను న్యాట్‌లో ఉంచి రెండో అడాప్టర్‌ను హోస్ట్ ఓన్లీలో పెట్టండి. ఇంటర్నెట్ మొదటి దానిలో వస్తుంది, హోస్ట్‌తో మాట రెండో దానిలో సాగుతుంది, వైఫై ఉన్నా లేకపోయినా ఆ అడ్రస్ మారదు. రెండో అడాప్టర్ మీద అడ్రస్, మాస్క్ మాత్రమే ఇచ్చి గేట్‌వే పెట్టే చోటు ఖాళీగా వదలండి. అక్కడ గేట్‌వే రాస్తే గెస్ట్ ఇంటర్నెట్ ప్యాకెట్లను కూడా అటే పంపి, ఉన్న దారిని పోగొట్టుకుంటుంది.